కొలంబోకి ఎన్ని స్టేజీలు?



నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఎక్కువ కాలం తిరుపతి–మదనపల్లె రూటు, చివర్లో కొన్నేళ్ళు తిరుపతి–వేలూరు. మదనపల్లె దారిలో భాకరాపేట కనుమ ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కనుమ మొదలవగానే బస్సులో మాటలు సద్దుమణిగేవి. ఒకామె వారం వారం సంతకి వచ్చేది. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "నాయనా, ఇంకా ఎన్ని మలుపులుండాయి?" అని అడిగేది. నేను సంచీ చంకకి తగిలించుకుని, ఏ కమ్మీనీ పట్టుకోకుండా నిలబడి, "పండుకోమ్మా, లేచేలోపల పీలేరు వచ్చేస్తుంది" అని నవ్వేవాణ్ణి.

ఆ నవ్వుకి నేను వడ్డీతో సహా కట్టిన కథ ఇది.

2024 ఫిబ్రవరికి మా పెళ్ళయి నలభై ఏళ్ళు. అంతకు కొన్ని నెలల ముందే మా అమ్మాయి, అల్లుడు వచ్చి, "ఈసారి మీరిద్దరూ నాలుగు రోజులు ఏదన్నా బయటి దేశానికి పోయి రండి, ఖర్చు మాది" అన్నారు. మా ఇంటావిడ ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అరచేతులు చెమర్చాయి. రేణిగుంటలో దిగే విమానాల్ని కింద నుంచి చూడటమే గానీ, ఎక్కాలని ఎన్నడూ అనుకోలేదు. ఆ మాట పిల్లల ముందర చెప్పడానికి నామోషీ. కనుమలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని కదా!

అందుకని నేను ముందు వెతికింది విమానం ఎక్కకుండా బయటి దేశానికి పోయే దారి. మా నాయన చెప్పేవాడు, వాళ్ళ రోజుల్లో మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కితే ధనుష్కోడి దాకా రైలు, అక్కణ్ణుంచి తలైమన్నారుకి ఓడ, మళ్ళీ రైలెక్కితే కొలంబో అని. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడే కొట్టుకుపోయింది, ఆ దారీ పోయింది. సరిగ్గా నేను వెతుకుతున్నప్పుడే, 2023 అక్టోబరు 14న, నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురైకి మళ్ళీ ఓడ మొదలైందని పేపర్లో వచ్చింది. ఎగిరి గంతేశాను. వానల కాలమని కొద్దిరోజులకే ఆపేశారు. తిరిగి నడిపింది 2024 ఆగస్టులో. మా ఆవిడ పేపరు మడిచి, "ఓడ కూడా నీ పక్షాన లేదు. ఇంక రెక్కలున్నదే దిక్కు" అంది.

దిక్కు తెలిసింది గానీ ధైర్యం రాలేదు. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుంటే ఒక సంగతి తట్టింది. కండక్టరు ఎప్పుడూ రూటు మొత్తాన్ని ఒకేసారి నెత్తిన పెట్టుకోడు. స్టేజీ వచ్చేలోపల అందరికీ టికెట్లు కొట్టాలి, తలలు లెక్కపెట్టాలి, ఆ లెక్కని ఎస్సార్ అనే కాగితంలో రాసుకోవాలి. అక్కడితో ఆ స్టేజీ పని తీరింది. ముందు స్టేజీలో ఎంతమంది ఎక్కుతారో ఇప్పుడు బెంగ పడితే ఉన్న చిల్లర కూడా తప్పిపోతుంది. కొలంబోని కూడా అట్లాగే స్టేజీలుగా కోద్దాం అనుకున్నా. పాత నోటుబుక్కు తీసి గీతలు కొట్టాను. భయం పోయినాక బయల్దేరుదామంటే ఆ బస్సు డిపోలోంచే కదలదు. కాబట్టి భయానికీ ఒక టికెట్టు కొట్టి, ఎక్కించుకునే పోదామని తీర్మానం.

మొదటి స్టేజీ: ఎక్కడికి? సింగపూరన్నారు, దుబాయన్నారు. నేను చూసింది గాలిలో ఉండే టైము. చెన్నై నుంచి కొలంబోకి సుమారు గంటా ఇరవై నిమిషాలు. తిరుపతి నుంచి చెన్నైకి బస్సులో పట్టే టైములో సగం కూడా లేదు. గడియారం మార్చే పని లేదు, శ్రీలంక టైమూ మన టైమూ ఒకటే. కొలంబో వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు తక్కువ. తిండికీ ఇబ్బంది లేదు. అప్పం, ఇడియాప్పం మా చిత్తూరు జిల్లా వాళ్ళకి కొత్తవి కావు. భయపడే మనిషి మొదటి ప్రయాణానికి ఊరు ఎంచుకోవాల్సింది ఫోటోలు చూసి కాదు, తన భయం ఎంతసేపు ఓపిక పట్టగలదో చూసి.

రెండో స్టేజీ పాస్‌పోర్టు. అది తేలికే. దరఖాస్తు ఆన్‌లైన్లో, మామూలు 36 పేజీల బుక్కుకి 1,500 రూపాయల ఫీజు, పాస్‌పోర్టు ఆఫీసులో ఫోటో, వేలిముద్రలు, తర్వాత పోలీసు విచారణ. చిక్కల్లా మన ఇంటిపేర్లతోనే. మనం ఇంటిపేరుని ఒక్క అక్షరంగా ముందు పెట్టుకుంటాం. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి. ఏది ఎట్లా రాశామో టికెట్లోనూ అదే ఉండాలి. మాకు టికెట్లు తీసిన అబ్బాయి అలవాటుకొద్దీ నా ఇంటిపేరుకి ఒక్క అక్షరం కొట్టాడు. నేను టికెట్టు అందుకోగానే చదివే జాతి కాబట్టి అప్పుడే దొరికింది. దిద్దించడానికి కొంత డబ్బు పోయింది. ఎయిర్‌పోర్టులో దొరికుంటే ప్రయాణమే పోయేది. అట్లాగే పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలన్నా గడువుండాలి.

మూడో స్టేజీ టికెట్టు, వీసా. నేను పొద్దుటి విమానం తీసుకున్నా. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నం కుదుపులు ఎక్కువ. పొద్దున గాలి నెమ్మదిగా ఉంటుంది. సీట్లు రెక్కల దగ్గర అడిగి తీసుకున్నా. బస్సులో వెనక చక్రాల మీద కూర్చున్నవాడికి ఎగిరినంత, నడిమధ్యన కూర్చున్నవాడికి ఎగరదు. విమానంలోనూ అంతే, తోక దగ్గర ఊపు ఎక్కువ, రెక్కల దగ్గర తక్కువ. శ్రీలంకకి మనవాళ్ళు ముందే ఆన్‌లైన్లో ఈటీఏ అనే అనుమతి తీసుకోవాలి. మేం పోయినప్పుడు మనకి దాని ఫీజు మాఫీ చేసి ఉన్నారు. ఇవి మారుతుంటాయి, మీరు పోయే ముందు ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి. అదే పేరుతో దళారీల సైట్లు కూడా ఉంటాయి, జాగ్రత్త.

ఇంక నాలుగో స్టేజీ. నోటుబుక్కులో దాని పేరు "చప్పుళ్ళు" అని రాసుకున్నా. అసలు పని జరిగింది ఇక్కడే.

సంక్రాంతికి మా వీధి అబ్బాయి ఒకడు బెంగళూరు నుంచి వచ్చాడు. విమానాలు రిపేరు చేసే చోట పని. అరుగు మీద కూర్చోబెట్టి గుట్టుగా నా సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు. "మామా, కనుమ ఎక్కుతుంటే డ్రైవరు గేరు మారుస్తాడు, బండి ఒక్కసారి ఊగుతుంది, గర్రుమంటుంది. నీకు భయమేసిందా ఎప్పుడన్నా?" అన్నాడు. "గేరు మార్చినాడని తెలుసు కదరా, భయమెందుకు?" అన్నా. "అంతే మామా. విమానంలో నీకు చప్పుడు వినపడుతుంది, డ్రైవరు కనపడడు. ఏ చప్పుడు ఎందుకొస్తుందో చెప్తా, రాసుకో" అన్నాడు.

రాసుకున్నా. నేల మీద ఉండగానే కాళ్ళ కింద రంపం కోసినట్టు, కుక్క మొరిగినట్టు చప్పుడొస్తుంది. ఎయిర్‌బస్ ఎ320 రకం విమానాల్లో ఇది మామూలే. ఒక పక్క హైడ్రాలిక్ ఒత్తిడిని ఇంకో పక్కకి అందించే పంపు అది. తర్వాత రన్‌వే మీద ఇంజన్ల హోరు, సీటుకి వీపు అతుక్కుపోతుంది, కింద చక్రాల గడగడ. గడగడ ఆగిందంటే నేల వదిలామని. వెంటనే కడుపు కింద ధబ్‌మని ఒక చప్పుడు. చక్రాలు లోపలికి మడుచుకున్నాయి, తలుపు పడింది. ఇంకొంచెం పైకి పోగానే ఇంజన్ల హోరు ఒక్కసారిగా తగ్గుతుంది, కిందికి దిగిపోతున్నట్టు కడుపులో తేలిపోతుంది. "ఇక్కడే మామా సగం మంది దేవుణ్ణి తలుచుకునేది" అన్నాడు వాడు. "విమానం అప్పుడూ పైకే పోతుంటుంది. లేచేదానికి కావలసినంత బలం ఎక్కేదానికి అక్కర్లేదు, అందుకని పైలట్ తగ్గిస్తాడు. కనుమ నెత్తికెక్కినాక మీ డ్రైవరు కాలు తీసినట్టు." దిగేటప్పుడు రెక్కల దగ్గర మోటారు తిరిగినట్టు ఈల, అంటే రెక్క వెడల్పు పెంచే పలకలు బయటికొస్తున్నాయి. మళ్ళీ ధబ్, చక్రాలు కిందికి. నేల తాకగానే పెద్ద హోరు, బ్రేకులకి తోడుగా ఇంజన్ గాలిని ముందుకి తిప్పుతారు.

"గాలిలో గుంతలుంటాయంట కదరా?" అన్నా. "గుంతలుండవు మామా, గాలి ఎక్కడా ఖాళీ కాదు. అలల మీద పడవ ఊగినట్టు ఊగుతుంది. వందల అడుగులు పడినట్టు అనిపిస్తుంది, మామూలు కుదుపుల్లో కదిలేది కొద్ది అడుగులే. దెబ్బలు తగిలేది బెల్టు పెట్టుకోని వాళ్ళకి. నువ్వు కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండు."

"ఇంజన్ ఆగితే?" ఇది అడగడానికి నాకు అరగంట పట్టింది. ఒకటి ఆగినా రెండోదానితో లేచి, పోయి, దిగగలిగేలా పరీక్షించాకే వాటికి అనుమతి ఇస్తారన్నాడు. రెండూ ఆగిన సందర్భమూ చెప్పాడు. 2001 ఆగస్టులో ఎయిర్ ట్రాన్సాట్ అనే కెనడా సంస్థ విమానానికి అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. సుమారు 19 నిమిషాలు, ఇంజన్ లేకుండా, జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. లోపలున్న 306 మందీ బతికారు. "న్యూట్రల్లో కనుమ దిగినట్టా!" అన్నా నేను. మా డిపోలో ఆ పని చేస్తే డ్రైవరుకి చార్జిషీటే.

ప్రమాదాలే జరగవని మీకు చెప్పడానికి నేనెవర్ని? మా ప్రయాణమైన మరుసటి ఏడు, 2025 జూన్ 12న, అహ్మదాబాదులో జరిగిన విమాన ప్రమాదం సంగతి విని ఆ పూట నాకు ముద్ద దిగలేదు. కానీ ఆర్టీసీ మనిషిగా ఇంకో లెక్క కూడా నాకు తెలుసు. 2022 ఒక్క ఏడాదిలో మన దేశం రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో ఒక్కరి కోసమన్నా బస్సెక్కడం మానేసినవాణ్ణి నేను చూడలేదు. ఈ లెక్కతో భయం పోతుందా అంటే పోదు. అర్ధరాత్రి లెక్కలు పనిచెయ్యవు. నాకు పనిచేసింది చప్పుళ్ళ పేజీ.

అయిదో స్టేజీ సామాను, ఆరోగ్యం. నాకు బీపీ ఉంది. డాక్టరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. బిళ్ళలు, చీటీ చేతిసంచీలోనే పెట్టుకోమన్నాడు. నిద్రమాత్రలు సొంతంగా మింగొద్దన్నాడు. బయల్దేరే ముందు కాఫీ వద్దన్నాడు. అదొక్కటే కష్టమైంది. గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరి పీల్చిన దానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలని నేర్పాడు. నాలుగు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు. లెక్కపెట్టడం నాకు చేతనైన పనే. ఆవకాయ పెద్ద పెట్టెలో పోయింది, చేతిసంచీలో అట్లాంటివి 100 మిల్లీలీటర్లకి మించకూడదు. ఫోను చార్జి చేసే పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచీలోనే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదు. ఎండుకొబ్బరిని మా ఆవిడ సర్దబోతే ఆపేశాను. నూనె ఉండే సరుకు, మంట అంటుకుంటుందని విమానాల్లో ఒప్పుకోరు.

ఇంక ఆ రోజు. చెన్నైలో మూడు గంటలు ముందే చేరాం. నిజం చెప్తున్నా, ప్రయాణం మొత్తంలో నాకు ఎక్కువ భయమేసింది ఆ మూడు గంటలే. గాలిలో కాదు, కుర్చీలో. విమానం తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయితో, "మొదటిసారమ్మా, కొంచెం భయం" అన్నా. ఆ ఒక్క మాట బయట పడేయగానే సగం బరువు దిగింది. ఆ అమ్మాయి రెండుసార్లు వచ్చి పలకరించి పోయింది.

కాళ్ళ కింద కుక్క మొరిగింది. మా ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. "ఏం లేదు, పంపు" అన్నా, ముప్పై ఏళ్ళు అందులోనే పనిచేసినట్టు. హోరు, గడగడ, గడగడ ఆగింది. ధబ్. "చక్రాలు" అన్నా. హోరు తగ్గింది, కడుపు తేలిపోయింది. రాసుకున్న పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నా, ఒక్కోదానికి టిక్కు కొడుతూ. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. అది కొత్తదేం కాదు, తిరుమల కొండెక్కేటప్పుడు పడేదే. విమానం ఎంత పైన పోతున్నా లోపలి గాలిని ఎనిమిది వేల అడుగుల ఎత్తుకి మించి పలచబడనివ్వరు. అంటే ఇంచుమించు ఊటీ కొండ మీద కూర్చున్నట్టు. పిప్పరమెంటు చప్పరిస్తూ గుటకలు వేస్తే వదిలాయి. కిటికీ దగ్గర మా ఆవిడ నీలం నీళ్ళు చూస్తూ నన్ను మర్చిపోయింది. పేజీలో సగం టిక్కులు మిగిలుండగానే దిగుతున్నామన్నారు. కొబ్బరితోటలు, ఒక ఉప్పుటేరు, కటునాయకేలోని కొలంబో ఎయిర్‌పోర్టు రన్‌వే. ఎస్సార్ క్లోజ్.

ఊరి సంగతి క్లుప్తంగా చెప్తాను. నాలుగు రోజుల్లో దేశమంతా చూడాలనుకోలేదు. కొలంబోలో ఒక రాత్రి, కండిలో రెండు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి కండికి మూడు గంటల రైలు, కొండల్లో మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ లైను 1867లో వేసింది. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి, అక్కడి కొబ్బరి పచ్చట్లో, పోల్ సంబోల్ అంటారు, ఎండుచేప పొడి కలుపుతుంటారు. అడిగి తినండి. పౌర్ణమి ప్రతి నెలా వాళ్ళకి సెలవు, ఆ రోజు మాంసం, మద్యం అమ్మకాలుండవు.

కండిలో బుద్ధుడి దంతం ఉన్న గుడి ముందర ఒక చెరువు ఉంది. గట్టు మీద మేఘాల వరస లాంటి గోడ. కట్టించింది శ్రీ విక్రమ రాజసింహుడు, కండి చివరి రాజు. 1739 నుంచి 1815 దాకా ఆ సింహాసనం మీద కూర్చున్నవాళ్ళు నలుగురు నాయక్కరులు, మదురై నుంచి పోయిన కుటుంబాలు, వాళ్ళ మూలాలు మన తెలుగువి. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆ చివరి రాజుని దించి, మరుసటి ఏడు ఓడలో మద్రాసుకి తెచ్చి ఎక్కడ పెట్టారనుకున్నారు? వేలూరు కోటలో. 1832లో అక్కడే పోయాడు. సమాధి పాలేటి ఒడ్డున ఉంది. వేలూరు, వేలూరు అని అరుస్తూ ఎన్ని వేల టికెట్లు కొట్టానో, నాకీ సంగతి కండి చెరువు గట్టు మీద తెలిసింది. తిరిగొచ్చాక బస్సెక్కి పోయి చూసొచ్చాం. ఇంత దగ్గరున్నది తెలుసుకోవడానికి సముద్రం దాటాల్సొచ్చింది.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం. పొద్దుటి విమానంలో సీట్లు దొరకలేదు. మేఘాలు కమ్మాయి, బెల్టు గుర్తు వెలిగింది, కుదుపులు మొదలయ్యాయి. ఒకటి గట్టిగానే తగిలింది, వెనక ఎవరో కేకేశారు. నేను భుజాలు బిగబట్టి, సీటు చెయ్యిని నొక్కిపట్టి ఉన్నా. అప్పుడు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. కొత్త కండక్టరు మోకాళ్ళు బిగబట్టి నిలబడి ప్రతి గుంతకీ పడతాడు. పాతవాడు మోకాళ్ళు వదులుగా పెట్టి బస్సుతో పాటు ఊగుతాడు. భుజాలు వదిలేశాను. ముందు బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. నా గుండె ఎగిరిపడినంతగా అందులో నీళ్ళు ఎగరడం లేదు. కొంచెం వణికి, మళ్ళీ సమంగా నిలుస్తున్నాయి. ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నా.

అయినా ఉండబట్టక, పక్కన సీటు కమ్మీ పట్టుకుని పోతున్న అమ్మాయిని అరవంలో అడిగేశాను: "ఇంకా ఎంతసేపుంటుందమ్మా ఇట్లా?" నోట్లోంచి మాట పడగానే ఎక్కడో విన్నట్టనిపించింది. ఆ అమ్మాయి నవ్వలేదు. వంగి, "ఇంకో పది నిమిషాలు సార్. మేఘం దాటితే ఉండదు. పైలట్ చెప్పారు" అంది. నేను గడియారం చూసుకున్నా. ఆ పది నిమిషాలు ఓర్చుకోగలిగాను. ఎందుకంటే అవి పదే.

భాకరాపేట కనుమలో ఆ తల్లి అన్నేళ్ళు అడిగింది ఇంతే. పండుకోమని, ధైర్యంగా ఉండమని చెప్పమనలేదు. ఎన్ని మలుపులని అడిగింది. ఆ రూటులో అన్నేళ్ళు తిరిగి నేనొక్కసారీ లెక్కపెట్టలేదు. మొన్న మదనపల్లెలో పెళ్ళికి పోతూ కిటికీ పక్కన కూర్చుని, కాగితం, పెన్సిలు పట్టుకుని, మొదటి మలుపు నుంచి గీతలు కొట్టి లెక్కపెట్టాను. తిరిగొచ్చేటప్పుడు పక్క సీటులో ఒక కుర్రాడు కళ్ళు మూసుకుని కమ్మీ పట్టుకుని ఉన్నాడు. "బాబూ, ఇంకా నాలుగే" అన్నా. కళ్ళు తెరిచాడు.